తుఫాను వేళ విశ్వవిద్యాలయం: దక్షిణ ఒడిశాలోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో చదువుకునే తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఏటా సెప్టెంబరు చివరికల్లా నాకు ఫోన్లు చేయడం మొదలుపెడతారు. గంజాం జిల్లాలో రసాయనశాస్త్రం బోధిస్తూ చాలా ఏళ్లు హాస్టల్ వార్డెన్‌గా పనిచేశాను. ఇప్పుడు విపత్తు సన్నద్ధత చూసే కమిటీలో ఉన్నాను. ఫోనులో వాళ్లు అడిగే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి రెండు మాటలు చాలు, కొన్నింటికి కాస్త ఓపికగా చదవాలి.

ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు విశ్వవిద్యాలయం మొదట చేయాల్సిన పని ఏమిటి?

మనుషులను లెక్కపెట్టడం. ఈ రాత్రి ఏ గదిలో ఎవరున్నారు, లేనివారు ఎక్కడున్నారు అన్నది తెలియకుండా మిగిలిన పనులు ఎన్ని చేసినా వృథాయే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గంజాం జిల్లాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. దసరా రోజులు కావడంతో హాస్టల్లో చాలా గదులకు తాళాలు పడ్డాయి. సాయంత్రమే కరెంటు పోయింది. రిజిస్టరు ప్రకారం లోపల 41 మంది ఉండాలి. టార్చిలైటు పట్టుకుని గదిగదికీ తిరిగి లెక్కపెడితే 38 మందే తేలారు. మళ్లీ లెక్కపెట్టాను, 38 మందే. బయట గాలి ఇనుప గేటును ఊపేస్తోంది. ఫోన్లు మూగబోయాయి. ఆ ముగ్గురూ మధ్యాహ్నమే బంధువుల ఇంటికి వెళ్లిపోయారని, వెళ్లేటప్పుడు సంతకం పెట్టలేదని మర్నాడు సాయంత్రానికి గానీ తెలియలేదు. వాళ్లు క్షేమంగానే ఉన్నారు. కానీ ఆ రాత్రి వాళ్లను వెతకడానికి ఇద్దరు కాపలాదారులను నేను బయటికి పంపబోయాను. పంపి ఉంటే వాళ్ల ప్రాణాలకు జవాబుదారీ నేనే అయ్యేవాణ్ని.

ఆ తరవాత మా రిజిస్టరులో మూడు గడులు గీయించాను. మొదటిది ఉన్నారు, రెండోది వెళ్లారు (ఎక్కడికి, ఎవరింటికి, ఏ ఫోను నంబరు), మూడోది చేరారు. చాలా చోట్ల మొదటి రెండే ఉంటాయి, నా దృష్టిలో అసలైనది మూడోది. బయలుదేరిన పిల్ల ఇంటికి చేరానని చెప్పేదాకా ఆ బాధ్యత హాస్టల్‌దే. ఆ గడి ఖాళీగా ఉంటే వార్డెన్ నిద్రపోకూడదు.

హెచ్చరిక రాగానే పిల్లలను ఇళ్లకు పంపేయవచ్చు కదా?

అందరికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. తల్లి మనసు బిడ్డ పక్కనే ఉండాలని కోరుకుంటుంది, అందులో తప్పు లేదు. కానీ తుఫాను విషయంలో ఇల్లు ఎప్పుడూ హాస్టల్ కన్నా భద్రం కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు గోపాలపురానికీ కళింగపట్నానికీ మధ్య ఎక్కడో దాటుతుందని వాతావరణ శాఖ చెబుతూనే ఉంది. అలాంటప్పుడు బరంపురంలో చదివే శ్రీకాకుళం పిల్లలను రైలెక్కించి ఇంటికి పంపితే ఏమవుతుంది? సరిగ్గా తుఫాను దారిలోకే పంపినట్టవుతుంది. రెండంతస్తుల సిమెంటు భవనాన్ని వదిలి, కొబ్బరితోటల మధ్య పెంకుటింటికి, అదీ దారిలో రైళ్లు ఆగిపోతే ఏ చిన్న స్టేషన్‌లోనో చిక్కుకుని.

అందుకే నిర్ణయం తొందరగా జరగాలి, లేదా అసలు జరగకూడదు. భారత వాతావరణ శాఖ తుఫాను సమాచారాన్ని అంచెలంచెలుగా ఇస్తుంది. మొదట ముందస్తు సూచన వస్తుంది. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగుతో అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగుతో హెచ్చరిక, తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు ఎరుపు రంగుతో దాటిన తరవాతి పరిస్థితి మీద అంచనా వస్తాయి. పసుపు దశలో, పగటిపూట, రైళ్లూ బస్సులూ తిరుగుతుండగా, తుఫాను దారికి దూరంగా ఇల్లున్న పిల్లలను పంపవచ్చు. నారింజ వచ్చాక ఎవరినీ గేటు దాటనివ్వకూడదు. తండ్రి స్వయంగా మోటారుసైకిల్ మీద వచ్చి బతిమాలినా సరే. నేను అలా ఇద్దరు తండ్రులను ఆపాను, వాళ్లు నన్ను నానా మాటలూ అన్నారు. ఆ రాత్రి వాళ్లిద్దరినీ అతిథి గదిలో పడుకోబెట్టాం.

మీరు చేయగల మేలు ఒకటుంది. మీ ఇల్లు ఎలాంటిదో, సముద్రానికో ఏటికో ఎంత దూరమో అడ్మిషన్ నాడే వార్డెన్‌కు రాసివ్వండి. అప్పుడు మీ బిడ్డను పంపాలా వద్దా అన్నది ఊహ మీద కాకుండా తెలిసి నిర్ణయించవచ్చు.

హాస్టల్ భవనం అంత గాలికి తట్టుకుంటుందా?

ఫైలిన్ గాలులు గంటకు 200 కిలోమీటర్లు దాటాయి. సరిగ్గా కట్టిన సిమెంటు స్లాబు భవనాలు నిలబడ్డాయి. దెబ్బతిన్నవి రేకుల షెడ్లు, అద్దాల కిటికీలు, మేడ మీది నీళ్ల ట్యాంకులు, సైకిల్ స్టాండ్లు. మనిషిని గాయపరిచేది చాలాసార్లు కూలిన గోడ కాదు, ఎగిరొచ్చిన రేకు.

కనుక పై అంతస్తులో ఉన్నవారిని కింది అంతస్తులకు దించాలి. వరద భయం ఉన్నచోట మాత్రం నేల అంతస్తు వదిలి మొదటి అంతస్తులో ఉంచాలి. కిటికీ లేని నడవాలో, గోడ పక్కన పరుపులు వేయాలి. చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలు, కాలు విరిగినవారు, గర్భిణులైన పరిశోధక విద్యార్థినులు ఎవరున్నారో ముందే తెలిసి ఉండాలి. వాళ్లను చివరి గంటలో మెట్లమీద మోసుకురావడం తగదు.

ఇంకొకటి, ఇది పిల్లలకు పదేపదే చెప్పాలి. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాన వెలుస్తుంది. అయిపోయిందనుకుని పిల్లలు ఫోన్లు పట్టుకుని బయటికి పరుగెత్తుతారు. కాసేపటికి గాలి మళ్లీ వస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి, మొదటిసారికి ఏమాత్రం తీసిపోకుండా. ఆ ప్రశాంతతలోనే తలుపు దగ్గర వార్డెన్ నిలబడి ఉండాలి.

తిండి, నీళ్ల సంగతి?

నీళ్లే అసలు సమస్య. తుఫాను తరవాత కరెంటు రోజుల తరబడి రాదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే అయిదు వందల మంది ఉన్న హాస్టల్లో ఒక్క పూటలో మరుగుదొడ్లు వాడలేని స్థితికి వస్తాయి. పసుపు హెచ్చరిక నాడే అన్ని ట్యాంకులూ, బకెట్లూ, మెస్‌లోని గంగాళాలూ నింపాలి. తాగే నీళ్లు వేరు, వాడే నీళ్లు వేరు. జనరేటరుకు డీజిల్ ముందే తెచ్చి పెట్టుకోవాలి, తరవాత బంకుల దగ్గర బారులు తీరుతాయి. ఆ జనరేటరును మొదట దేనికి వాడాలి? నా లెక్కలో నీళ్ల మోటారుకు, ఆ తరవాత ఫోన్ల ఛార్జింగుకు, ఆ తరవాతే దీపాలకు.

తిండికి మన అటుకులూ బెల్లమే. ఒడియాలో చుడా-గుడ అంటారు, ఈ రాష్ట్రంలో సహాయ సామగ్రి అనగానే గుర్తొచ్చేవి అవే. పొయ్యి అక్కరలేదు, పాడైపోవు, పిల్లలు తింటారు. మా మెస్‌లో అక్టోబరు 1 నాటికి రెండు బస్తాల అటుకులు, ఒక డబ్బా బెల్లం, వేయించిన శనగలు, క్లోరిన్ బిళ్లలు ఒక గదిలో పెట్టి తాళం వేస్తాం. నవంబరు చివరిదాకా ఆ గది తెరవం. తుఫాను రాకపోతే డిసెంబరులో పిల్లలకు అటుకుల ఉప్మా, అటుకుల పాయసం. ఏదీ వృథా కాదు.

నోటీసులన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో వస్తాయి. మాకు అర్థం కావు. తెలుగులో ఇవ్వరా?

ఇవ్వాలి. ఈ విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను.

ఒడియాలో తుఫానును బాత్యా అంటారు, వరదను బన్యా అంటారు. 1999 నాటి పెను తుఫానును మహాబాత్యా అనే పిలుచుకుంటారు. ఫోనులో, గాలి హోరులో, ఒడియా రాని తెలుగు అమ్మకు ఆ రెండు మాటలూ ఒక్కలాగే వినిపిస్తాయి. ఒకసారి కాశీనగర్ వైపు నుంచి ఒక తల్లి ఏడుస్తూ ఫోను చేశారు. హాస్టల్‌కు వరద వచ్చిందట, పిల్లలను మేడమీదకు ఎక్కించారట అని. జరిగింది అందుకు సరిగ్గా విరుద్ధం. తుఫాను భయంతో పిల్లలను పై అంతస్తు నుంచి కిందికి దించాం. ఆమెకు ఒడియాలో ఎవరో చదివి చెప్పారు, ఒక్క అక్షరం తేడాతో కబురు తలకిందులైంది. ఆ రాత్రంతా ఆమె ఎంత నలిగిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సరిహద్దు జిల్లాల్లోని ఏ విశ్వవిద్యాలయమైనా హెచ్చరికలను కనీసం మూడు భాషల్లో పంపాలి: ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. కొండ ప్రాంతాల్లో సవర, కువి మాట్లాడే కుటుంబాలకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాలి. ఎందుకంటే అక్కడ చదవడం కన్నా వినడం నమ్మకం. సందేశం చిన్నదిగా ఉండాలి: ఏం జరగబోతోంది, మీ బిడ్డ ఎక్కడ ఉంది, మీరు ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. చివరి మాట చాలామంది రాయరు. సాయంత్రం ఆరింటికి మళ్లీ కబురు పంపుతాం అని ఉంటే, ఆరుదాకా ఆ ఇంట్లో కొంత ప్రశాంతత ఉంటుంది. ఆరింటికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా, ఏమీ మారలేదు, అందరూ క్షేమం అని పంపాలి.

మీ బిడ్డ చేరిన చోట తెలుగు నోటీసు లేకపోతే అడగండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి ఒక కాగితం మీద రాసి రిజిస్ట్రారుకు ఇవ్వండి. తెలుగు తెలిసిన అధ్యాపకులు ఈ ప్రాంతపు ప్రతి కళాశాలలోనూ ఒకరిద్దరైనా దొరుకుతారు.

ఊరి మీదకు వచ్చే ముప్పులో ప్రయోగశాలలు మరో ముప్పు కావా?

కావచ్చు. నా పని చోటే కనుక ఇది కాస్త వివరంగా చెబుతాను.

సోడియం అనే లోహాన్ని కిరోసిన్‌లో ముంచి సీసాలో దాస్తాం. నీళ్లు తగిలితే అది మండుతుంది. ఇప్పుడు ఊహించండి: కిటికీ అద్దం పగిలి వానజల్లు అల్మరా మీద పడుతోంది, పై అరలో సోడియం సీసా ఉంది, భవనంలో ఎవరూ లేరు. అందుకే హెచ్చరిక రాగానే మేము మొదట చేసేది సోడియం సీసాను కిటికీకి దూరంగా, మూత ఉన్న లోహపు పెట్టెలో పెట్టడం. ఆమ్లాలు కింది అరలోకి, క్షారాలకు దూరంగా. గ్యాస్ సిలిండర్లను గోడకు గొలుసుతో బిగించి, కవాటాలు మూసి, రెగ్యులేటర్లు విప్పేస్తాం. పడిపోయిన సిలిండరు తల విరిగితే ఫిరంగి గుండులా దూసుకుపోతుంది. ఈ అల్మరాల తాళం చెవి ఎవరి దగ్గరుందన్నది గోడమీద రాసి ఉంటుంది.

జీవశాస్త్రం వారికి మరో దిగులు. సున్నాకు 80 డిగ్రీలు దిగువన ఉండే ఫ్రీజర్లలో ఏళ్ల తరబడి సేకరించిన నమూనాలు ఉంటాయి. కరెంటు పోయాక తలుపు తెరవకపోతే చలి కొన్ని గంటలు నిలుస్తుంది. అందుకే తలుపుకు పెద్ద అక్షరాలతో తెరవవద్దు అని అతికించాలి. పరిశోధక విద్యార్థికి తన నమూనా ప్రాణంతో సమానం, నాకు తెలుసు. అయినా దానికోసం గాలిలో ప్రయోగశాలకు పరుగెత్తే పిల్లను ఆపాల్సిందే. నమూనా మళ్లీ సేకరించుకోవచ్చు.

గ్రంథాలయంలో తడిసిన పుస్తకాలను ఎండలో పరవకండి. అట్టలు వంకర పోతాయి, కాగితం పెళుసవుతుంది. నీడలో, గాలి ఆడేచోట, పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి ఆరబెట్టాలి. ఈ ఉక్కలో రెండు రోజులు ఆలస్యమైతే బూజు పడుతుంది.

పరీక్షలు వాయిదా పడితే ఏడాది పోతుందా?

పోదు. 2020లో కోవిడ్ వేళ విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఏప్రిల్ 29న మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్ష పెట్టే వీలు లేనిచోట మధ్య సెమిస్టర్ల విద్యార్థులకు సగం మార్కులు అంతర్గత మూల్యాంకనం నుంచి, సగం అంతకు ముందు సెమిస్టరు ఫలితం నుంచి తీసుకునే దారి అందులో ఉంది. చివరి సంవత్సరం వారికి మాత్రం పరీక్ష తప్పదని జూలైలో మరోసారి చెప్పింది. ఆ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 ఆగస్టు 28న కోర్టు, చివరి సంవత్సరం పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడం కుదరదని, అయితే విపత్తు చట్టం కింద రాష్ట్రాలు వాయిదా వేసుకోవచ్చని, కొత్త తేదీకి సంఘాన్ని అడగాలని తీర్పు ఇచ్చింది. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు: తేదీ జరగవచ్చు, పరీక్ష మాయమైపోదు.

పరీక్షల విభాగానికి నాదొక విన్నపం ఉంది. ఫైలిన్ అక్టోబరు 12, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12, తిత్లీ అక్టోబరు 11. ఈ తీరంలో అక్టోబరు రెండో వారంలో సెమిస్టరు పరీక్ష పెట్టకండి.

వైస్‌ఛాన్సలర్ ఊళ్లో లేకపోతే నిర్ణయం ఎవరిది?

ముందే రాసిపెట్టిన వరుస ఉండాలి: మొదటి వ్యక్తి, ఆయన దొరకకపోతే రెండో వ్యక్తి, ఆమె దొరకకపోతే మూడో వ్యక్తి. గేటు తాళాలు, జనరేటరు, మెస్ ఖర్చు, సెలవు ప్రకటన, ఈ నాలుగింటి మీద సంతకం పెట్టే అధికారం ఆ ముగ్గురికీ ఉండాలి. విపత్తు ప్రకటించాక జిల్లా స్థాయిలో కలెక్టరు మాటే చెల్లుతుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు ఆయనే.

సర్టిఫికెట్లు తడిసిపోతే, కొట్టుకుపోతే?

ఆందోళన వద్దు. చాలా విశ్వవిద్యాలయాలు పట్టాలను, మార్కుల జాబితాలను డిజిలాకర్‌లో ఉంచుతున్నాయి, అవి చెల్లుబాటు అవుతాయి. లేనివారు నకలు పట్టా కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసు ఫిర్యాదు ప్రతి, ప్రమాణపత్రం సాధారణంగా అడుగుతారు.

విశ్వవిద్యాలయం వైపు నుంచి చూస్తే, రికార్డుల రెండో ప్రతి ఎక్కడుందన్నది ముఖ్యం. బరంపురం రికార్డుల ప్రతిని భువనేశ్వర్‌లో పెట్టి నిశ్చింతగా ఉంటారు కొందరు. 2019 మే 3న ఫొని పూరీ దగ్గర తీరం దాటి భువనేశ్వర్‌ను కూడా ఎలా కుదిపేసిందో చూశాం. రెండు ప్రతులూ ఒకే తీరంలో ఉంటే ఒకటి ఉన్నట్టే. మూడోది తీరానికి దూరంగా, నాగపూర్ లాంటి చోటో హైదరాబాద్ లాంటి చోటో ఉండాలి.

మా అబ్బాయి కొండ ప్రాంతంలో చదువుతున్నాడు. అక్కడ తుఫాను భయం లేదు కదా?

ఉంది, రూపం వేరు. గాలి తగ్గుతుంది, వాన పెరుగుతుంది. తిత్లీ తీరం దాటిన తరవాత గజపతి జిల్లా బరఘర గ్రామంలో కొండగుహలో తలదాచుకున్నవారి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. పిల్లలు సహా ఎందరో చనిపోయారు. వాళ్లు పొరపాటు చేయలేదు. గాలికి గుహ భద్రమే. వానకు కాదు.

రాయగడలో నాగావళి, గుణుపురం వైపు వంశధార ఉన్నాయి. పైన కొండల్లో కురిసిన వాన కొన్ని గంటల్లోనే కిందికి చేరుతుంది. ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు ఉప్పొంగవచ్చు. కొండ వాలున కట్టిన హాస్టల్ అయితే గోడల్లో కొత్త పగుళ్లు, వాలిన చెట్లు, ఉన్నట్టుండి బురదరంగు తిరిగిన ఊటనీళ్లు గమనించాలి. అవి కనిపిస్తే రాత్రి వేళైనా సరే భవనం ఖాళీ చేయించాలి. ఇక్కడ భద్రమైన చోటు ఏదన్నది వర్షాకాలానికి ముందే ఎంచుకోవాలి, అది మైదానంలో ఉండాలి, ఏటి గట్టున కాదు.

ఎండలు, పిడుగులు కూడా విపత్తులేనా?

నిస్సందేహంగా. 1998 ఎండలకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఏప్రిల్, మే నెలల్లో తరగతులు ఉదయానికి మార్చడం, పరీక్షా కేంద్రంలో మంచినీళ్ల కుండ పెట్టడం సౌకర్యాలు కావు, ప్రాణరక్షణ. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. ఉరుము వినపడితే మైదానం ఖాళీ చేయాలి, చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడకూడదు.

మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే?

2020 మార్చి 13నే ఒడిశా కోవిడ్‌ను విపత్తుగా ప్రకటించింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్ర సరిహద్దు ఒక గోడ అయిపోయింది. మనకు అది ఎప్పుడూ సరిహద్దులా అనిపించలేదు, పెళ్లి సంబంధాలూ సంతలూ అటూ ఇటూ సాగేవి. ఆ వేసవిలో సూరత్ మగ్గాల నుంచి వలస కార్మికులు గంజాంకు తిరిగి వచ్చారు, జూలై నాటికి రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా ఇదే.

ఆ రోజుల నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, ఆన్‌లైన్ పాఠం అందరికీ అందదు. గజపతి కొండల్లో సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కారు. ఒక గంట వీడియో కన్నా పది నిమిషాల గొంతు రికార్డు, నాలుగు పేజీల నోట్సు ఎక్కువమందికి చేరతాయి. హాజరు కోసం ప్రత్యక్ష ప్రసారంలో కూర్చోవాలని పట్టుబట్టడం అన్యాయం. ఇంకొకటి, హాస్టల్‌ను అకస్మాత్తుగా మూసేసి ఒక్క రోజులో ఖాళీ చేయమనడం ఎన్నడూ చేయకూడదు. దూరం నుంచి వచ్చినవారికి, ఇంట్లో చదువుకునే చోటు లేనివారికి కొన్ని గదులు తెరిచి ఉంచాలి.

మెస్ పనివాళ్లు, కాపలాదారుల గురించి ఎవరూ అడగరేం?

నిజంగానే అడగరు, అందుకే నేనే ఈ ప్రశ్న పెట్టాను. తుఫాను రాత్రి పిల్లలకు అన్నం పెట్టేదీ, గేటు కాసేదీ వాళ్లే. వాళ్ల ఇళ్లు చాలావరకు రేకుల ఇళ్లు. తమ పిల్లలు అక్కడ వణుకుతుంటే ఇక్కడ ఎలా మనసు పెట్టి పనిచేస్తారు? డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరి కుటుంబాన్నీ ముందే క్యాంపస్‌లోకి తీసుకురావాలి. గుత్తేదారు కింద పనిచేసేవారికైనా సరే, మూసిన రోజుల కూలి కోయకూడదు. లెక్కపెట్టే రిజిస్టరులో వాళ్ల పేర్లు కూడా ఉండాలి.

చుట్టుపక్కల ఊరివాళ్లు క్యాంపస్‌లోకి వస్తే రానిస్తారా?

రానివ్వాలి. కలెక్టరు అడిగే దాకా ఆగనక్కరలేదు. సభామందిరం, తరగతి గదులు వాళ్లకు, హాస్టళ్లు పిల్లలకు. ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు, గేటు దగ్గర పేర్లు రాసుకునే ఒక మనిషి ఉంటే గొడవలు రావు. మా దగ్గర విద్యార్థినులే ఆ పేర్లు రాశారు, చంటిపిల్లలకు పాలు కాచి ఇచ్చారు.

మా అమ్మాయి గాలి వీస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతోంది. ఏం చేయాలి?

చాలామందిలో ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తరగతికి రాలేకపోవడం నెల దాటితే వైద్యులను కలవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. ధైర్యంగా ఉండమని ఊరికే చెప్పకండి. ఆ రాత్రి ఏం జరిగిందో తనను చెప్పనివ్వండి, మీరు వినండి.

తరగతులు మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?

ఇంజనీరు భవనాలు చూసి సంతకం పెట్టాక, తెగిన తీగలు తీశాక, తాగే నీళ్లు పరీక్షించాక. నీళ్లు తీసిన గదుల్లో పాములు ఉంటాయి, చీకట్లో అడుగు పెట్టకూడదు. మొదటి రోజు పాఠం చెప్పనక్కరలేదు. ఎవరి ఇల్లు పోయింది, ఎవరికి పుస్తకాలు లేవు, ఎవరికి ఫీజు కట్టడం కష్టం అని అడిగి రాసుకోవాలి. గడువు తేదీలన్నీ ఆ రోజే వాయిదా వేయాలి.

అత్యవసరమైతే ఏ నంబర్లకు చేయాలి?

ప్రాణాపాయం అయితే 112. అంబులెన్సుకు 108. జిల్లా విపత్తు నియంత్రణ గదికి 1077, రాష్ట్ర స్థాయిలో 1070. అయితే 1077 మీరు ఉన్న జిల్లాకే వెళ్తుంది. శ్రీకాకుళం నుంచి చేస్తే గంజాంకు చేరదు. కనుక మీ బిడ్డ చదివే జిల్లా నియంత్రణ గది మామూలు ఫోను నంబరును ఎస్టీడీ కోడ్‌తో సహా ముందే అడిగి రాసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ హెచ్చరికలు పంపుతుంది. ఫోన్లన్నీ మూగబోతే బ్యాటరీ రేడియో ఒక్కటే దిక్కు.

ఇంటి దగ్గర ఉన్న మేము ఇప్పుడే చేయగలిగింది ఏమైనా ఉందా?

ఒక అట్టముక్క తీసుకోండి. దాని మీద మీ బిడ్డ పేరు, రక్తపు గ్రూపు, రోజూ వేసుకునే మందులు, మీ రెండు ఫోను నంబర్లు, వేరే ఊళ్లో ఉన్న ఒక బంధువు నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఈ బంధువు హైదరాబాద్‌లోనో రాయపూర్‌లోనో, ఈ తుఫాను దారికి దూరంగా ఉన్నవారై ఉండాలి. మీ ఊళ్లో ఫోన్లు పోయినా, హాస్టల్లో ఫోన్లు పోయినా, ఇద్దరూ ఆ మూడో ఇంటికి కబురు పెట్టుకోవచ్చు. అట్టను ప్లాస్టిక్ కవరులో పెట్టి, వేడి మైనం వత్తితో అంచులు అంటించి, సెప్టెంబరు నెలాఖరుకు ముందు హాస్టల్ సంచిలో వేసి పంపండి.